మూడు నొక్కులు

దాలినాయుడింట్లో భోజనాల దగ్గర మాటలు తక్కువ, చప్పుళ్లెక్కువ. బావమరిది పోలినాయుడు కంచం అంచు మీద గోటితో ఒకసారి కొట్టాడంటే ఇక చాలని. రెండుసార్లు కొడితే నీళ్లు కావాలని. మూడుసార్లు కొడితే కూరలో ఉప్పు ఎక్కువైంది, నన్ను కాపాడండని. ఆ మూడోది వినపడినప్పుడల్లా దాలినాయుడి భార్య పైడితల్లి తమ్ముడి మీద గరిటె ఎత్తేది.

“నోరు పడిపోనాదేట్రా నీకు? మంచినీళ్లియ్యక్కా అని అడగలేవేటి? ఆ కొట్టుడేటి?”

“డూటీ అలవాటక్కా. నోట్లో తువ్వాలుంటే ఏటని అడుగుతాం?”

“ఇక్కడ నోట్లో తువ్వాల్లేదు. నా కూరుంది.”

“తువ్వాలే నయం. బావా, నువ్వు సెప్పు.”

“నానేటి సెప్పను. నువ్వు డూటీకి పోతావు. నాను రేపూ ఇక్కడే తినాల,” అన్నాడు దాలినాయుడు తలెత్తకుండా.

పోలినాయుడు నల్లగెడ్డ ఫైర్ స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్. తొమ్మిదో ఏట తల్లి పోతే అక్క వెంట ఈ ఇంటికొచ్చినవాడు, ముప్పై ఆరేళ్లొచ్చినా ఇక్కడే ఉన్నాడు. దాలినాయుడు అదే శాఖలో వైర్‌లెస్ మెకానిక్. ఏడో తరగతిలో బడి మానేసి రేడియో షాపులో చేరి, వేళ్లు కాల్చుకుంటూ పని నేర్చుకుని, ఇరవై ఆరేళ్లుగా స్టేషన్ వెనక రేకుల షెడ్డులో కూర్చుని జిల్లాలోని వాకీటాకీలన్నిటికీ ప్రాణం పోస్తున్నాడు.

నల్లగెడ్డ తీరం పొడవునా రొయ్యల ఫ్యాక్టరీలే. ప్రతి ఫ్యాక్టరీలో ఐసు మిషన్లు, వాటి గొట్టాల నిండా అమ్మోనియా. గొట్టం పగిలిందంటే లోపలికి వెళ్లినవాడి కళ్లూ గొంతూ కాలిపోతాయి. మొహానికి గాలి సిలిండరున్న మాస్కు ఉండాలి. నల్లగెడ్డ స్టేషన్‌కి రెండు మాస్కులున్నాయి, ఒకదాని కవాటం పాడై మూడేళ్లయింది. దాని గురించి శాఖకి రాసిన ఉత్తరాలన్నీ పేర్చితే మనిషిని నిలువునా కప్పెయ్యొచ్చు. అందుకని స్టేషన్‌వాళ్లు కనిపెట్టుకున్న మాస్కు తడి తువ్వాలు. అమ్మోనియా నీళ్లలో ఇంకిపోతుంది. తువ్వాలు నీళ్లలో ముంచి, ముక్కూ నోరూ కప్పేటట్టు చుట్టి, కొసని పళ్ల మధ్య కరిచిపట్టుకుని దూకుతారు. పళ్లు వదిలితే తువ్వాలు జారుతుంది. కాబట్టి మాట ఉండదు.

మాటకి బదులు నొక్కు. వాకీటాకీ సెట్టు మీద మీట నొక్కి వదిలితే బయట ఉన్నవాళ్లందరి చెవుల్లోనూ ‘టక్’ మంటుంది. ఒక నొక్కంటే బాగున్నాను. రెండంటే నీళ్లు కొట్టండి. మూడంటే నన్ను లాగండి. ఏ పుస్తకంలోనూ లేదిది. పాతవాళ్లు కొత్తవాళ్లకి నేర్పారు, వాళ్లు ఆ తర్వాతివాళ్లకి. దాలినాయుడు ఏ సెట్టు బాగుచేసినా ముందు మూడుసార్లు నొక్కి చూసేవాడు, ఆ తర్వాతే గొంతు పరీక్ష.

*

ఆ వేసవిలో కొండ మీది రక్షణ ప్రయోగశాల నుంచి జీపొచ్చి దాలినాయుణ్ణి తీసుకెళ్లింది. సరిహద్దు సైన్యం కోసం తయారుచేసిన కొత్త వైర్‌లెస్‌ని పోలీసులకీ, ఫైర్‌వాళ్లకీ, అంబులెన్సులకీ కూడా ఇస్తారట. పరీక్షల్లో సాయానికి సెట్ల సంగతి తెలిసిన మనిషి కావాలన్నారు.

దాన్ని తయారుచేసినవాడు డాక్టర్ శశిభూషణ్. నలభై ఏళ్లుంటాయి. మర్యాదస్తుడు. కుర్చీ తనే లాగి వేశాడు. గోరంత సన్నని పట్టీ ఒకటి దాలినాయుడి గొంతు మీద అంటించి, ఛాతీకి చిన్న సెట్టు తగిలించాడు.

“మీ ఊరి పేరు చెప్పండి నాయుడు గారూ.”

“నల్లగెడ్డ.”

సెట్టు మీద ఆకుపచ్చ దీపం వెలిగింది.

“మాట నోట్లోంచి రాకముందే గొంతులో కండ వణుకుతుంది. ఏ ఇద్దరి వణుకూ ఒకటి కాదు. ఆ వణుకులోంచే తాళంచెవి పుడుతుంది. మాట పూర్తవగానే చచ్చిపోతుంది. శత్రువు దొంగిలించడానికి ఏమీ మిగలదు.”

పక్కన నిలబడ్డ సహాయకురాలు ఆ సెట్టు తీసుకుని, పట్టీ తన గొంతుకి అంటించుకుని, దాలినాయుడి యాసలోనే “నల్లగెడ్డ” అంది. పసుపు దీపం. మళ్లీ అంది. నారింజ. మూడోసారి అనేసరికి ఎర్రదీపం వెలిగి సెట్టు చచ్చిపోయింది. అదే క్షణంలో గదిలో ఉన్న మిగతా సెట్లన్నీ ఒక్కసారి కీచుమని, ఆడగొంతుతో చక్కని తెలుగులో చెప్పాయి: “అపరిచిత వ్యక్తి. ఇతని మాట మోయబడదు.”

“మొయ్యడవేటండి?”

“దీనికి టవర్లుండవు. తుఫానొచ్చి అన్నీ కూలిపోయినా పదిమంది మనుషులుంటే చాలు, మాట ఒకరి సెట్టు మీంచి ఇంకొకరి సెట్టు మీదికి నడిచిపోతుంది. మనిషే టవరు. ఒకణ్ణి శత్రువని తేలిస్తే, మిగతావాళ్లెవరూ వాడి మాట మొయ్యరు.”

దాలినాయుడికి ముచ్చటేసింది. పనివాడు పనితనాన్ని చూస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది. గదిలో ఉన్న ఇంకో సెట్టు అందుకుని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ మాట్లాడకుండా మీట నొక్కాడు. పసుపు.

“గొంతు లేకుండా నొక్కితే ఏటవుద్దండి?”

“గొంతు లేని నొక్కంటే సెట్టు ఎవరి చేతిలోనో పడిందని. మూడుసార్లు అయితే తాళం.”

దాలినాయుడి వేలు మీట మీద నుంచి దానంతటదే లేచిపోయింది. తువ్వాలు సంగతి, నొక్కుల సంగతి చెప్పాడు. శశిభూషణ్ శ్రద్ధగానే విన్నాడు. విని, బల్ల మీదున్న ఫొటో వైపు చూశాడు. మంచు టోపీ పెట్టుకున్న సైనికుడు.

“మా అన్నయ్య. పట్టుబడ్డ సెట్టులోంచి శత్రువు మనవాడి గొంతుతో పిలిచాడు, దారి బాగుంది రమ్మని. పదకొండుమంది వెళ్లారు. ఒక్కడూ రాలేదు. నాయుడు గారూ, ఆ మూడు అవకాశాలు కూడా నేను ఎక్కువే ఇచ్చాననుకుంటాను.”

చచ్చినవాడి ఫొటో ముందు దాలినాయుడు గొంతు తగ్గించాడు. అయినా అన్నాడు. “మావోళ్లూ మనుషులే గదండి.”

“కాదన్నానా? రాసివ్వండి. ఫారం చివర్లో గడి ఉంది.”

ఫారం ఇంగ్లీషులో ఉంది. పేజీలన్నిటికీ టిక్కులు పెట్టి, సంతకాలు చేసి, చివరి గడిలో దాలినాయుడు తెలుగులో రాశాడు. అక్షరం అక్షరం దిద్ది రాశాడు: “గ్యాసులోకి పోయే మావాళ్లు మాట్లాడలేరు. మీట నొక్కుతారు. మూడు నొక్కులంటే మావాడి ప్రాణం పోతోందని. మీ మిషనుకి మూడు నొక్కులంటే శత్రువని. ఇది మార్చకపోతే మనిషి పోతాడు.” సహాయకురాలు పేజీలు తిప్పి, కింద టప్‌మని ముద్ర కొట్టింది. నమోదైనది.

“సూత్తారు గదమ్మా?”

“అన్నీ చూస్తాం అంకుల్.”

ఆ వేళ ఇంటికొచ్చి భోజనం దగ్గర పోలినాయుడికి అంతా చెప్పాడు.

“అయితే మూడు నొక్కితే పలుకుతాది గదా బావా?”

“పలుకుతాది. నాను రాసిచ్చినాను. ముద్రేసినారు.”

పోలినాయుడు కంచం మీద ఒకసారి కొట్టాడు. బాగుంది, చాలు.

*

కొత్త సెట్లు పూలదండలతో వచ్చాయి. పెద్దపెద్దవాళ్లొచ్చి కొబ్బరికాయలు కొట్టారు. దానికి ‘గళరక్ష’ అని పేరు పెట్టారు, స్టేషన్‌లో కుర్రాళ్లు గొంతుతాళం అన్నారు. పాత వాకీటాకీలన్నీ గోనెసంచుల్లో పోసి దాలినాయుడి షెడ్డులో పడేశారు, తుక్కుకి పంపమని. గొంతు భద్రపరిచే యంత్రం మనిషికొకటి చొప్పున వచ్చింది. గొంతు కాలకుండా కాపాడే మాస్కు మాత్రం ఒక్కటీ రాలేదు. అడిగితే అది వేరే ఫైలన్నారు.

దాలినాయుడికి ఒక్కసారి మూడు నొక్కులు నొక్కి చూద్దామనిపించింది. కానీ సెట్లకి సీలు వేసి ఉంది. అనవసరంగా తాళం పడితే విప్పడానికి ప్రయోగశాల నుంచి మనిషి రావాలి, బాధ్యులు సంజాయిషీ ఇవ్వాలి అని గోడకి కాగితం అతికించారు. నమోదైంది కదా అనుకుని ఊరుకున్నాడు. ఆ తర్వాత జీవితంలో ఏ పనికీ అంతగా తనని తాను తిట్టుకోలేదు.

మూడో వారంలో, మధ్యాహ్నం రెండు దాటాక, సముద్రం ఒడ్డున ఉన్న రొయ్యల ఫ్యాక్టరీలో ఐసు గది గొట్టం పగిలింది. రొయ్యలు ఒలిచే హాలులో అరవైమంది ఆడవాళ్లున్నారు. ఫైరింజను వెనకే షెడ్డు వ్యానులో దాలినాయుడూ వెళ్లాడు. గళరక్షకి ఇదే మొదటి అసలు పని. దగ్గరుండి చూసి రాయాలని ప్రయోగశాల అతనికో పలక లాంటి తెర ఇచ్చింది. తెర మీద ఒక్కో మనిషి ఒక్కో ఆకుపచ్చ చుక్క.

గేటు దగ్గర ఉన్న ఒక్క మాస్కూ స్టేషన్‌లో అందరికంటే చిన్నవాడైన ఎర్రినాయుడికి తొడిగాడు పోలినాయుడు. తను బక్కెట్లో తువ్వాలు ముంచాడు.

“పోలీ, ఆ మాస్కు నువ్వెట్టుకోరా.”

“ఆడికి రెండో నెల నిండని కూతురుంది బావా. నాకేటుంది, మా అక్క కూరే గదా,” అని నవ్వి, తువ్వాలు చుట్టుకుని కొస కరిచిపట్టాడు. ఆ గొంతు దాలినాయుడు వినడం అదే ఆఖరు.

హాలులోంచి ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని బయటికొస్తున్నారు. దగ్గులు, ఏడుపులు, కళ్లకి అడ్డం పెట్టుకున్న చెంగులు. ఎర్రినాయుడు ముందు తలుపు దగ్గర నుంచి అందిస్తున్నాడు. పోలినాయుడు లోపలి గదుల్లోకి వెళ్లాడు. తెర మీద అతని చుక్క, పదకొండో నంబరు, ఐసు గది వైపు కదిలింది. ఆగింది.

పసుపైంది.

దాలినాయుడు తెర కళ్ల దగ్గరికి లాక్కున్నాడు. పసుపంటే గొంతు లేని నొక్కు. రెండు క్షణాలాగి నారింజ. అతను తెర పట్టుకునే అరిచాడు. “ఒరే, పోలి నొక్కుతున్నాడర్రా!” ఎర్రచుక్క వెలిగింది. తర్వాత చుక్కే లేదు. ఆవరణలో ఉన్న ఇరవై ఛాతీల మీద ఇరవై సెట్లు కీచుమన్నాయి. “అపరిచిత వ్యక్తి. ఇతని మాట మోయబడదు.”

“పోలిగాడు మూడు నొక్కినాడు! ఐసు గది! లాగండర్రా!”

స్టేషన్ ఆఫీసరు తన సెట్టు చెవి దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. “కాల్ రాలేదు నాయుడూ. ఎవడో బయటివాడు నెట్‌వర్క్‌లో చొరబడుతున్నాడు. కంగారుపడకు.”

“బయటోడు కాదు సార్, మనోడు! మూడు నొక్కులు సార్!”

“తెర మీద చుక్కేదీ? ఎక్కడికని మనిషిని పంపను?”

పాత సెట్టయితే అందరి చెవుల్లోనూ టక్ టక్ టక్ మనేది. ఈపాటికి నలుగురు పరిగెత్తేవాళ్లు. ఇప్పుడు వాడి మాట మొయ్యాల్సినవాళ్లు వాడికి ముప్పై అడుగుల దూరంలోనే నిలబడి ఉన్నారు. వాళ్ల ఛాతీల మీదున్న యంత్రాలు వాణ్ణి వాళ్లకి పరాయివాణ్ణి చేశాయి. దాలినాయుడు తెర నేలకేసి కొట్టి, బక్కెట్లో తన కండువా ముంచి లోపలికి పరిగెత్తాడు. వెనక ఎర్రినాయుడు వచ్చాడు.

ఐసు గది జారుడు తలుపు గాడిలోంచి తప్పి సగంలో ఇరుక్కుంది. దాని వెనక పోలినాయుడున్నాడు. ఒళ్లో సొమ్మసిల్లిన ఆడమనిషి మొహానికి తువ్వాలుంది. వాడి మొహానికి లేదు. వాడి ఛాతీ మీద సెట్టు ఇంకా మర్యాదగా మాట్లాడుతోంది. “తాళం తీయడానికి దయచేసి మీ పేరు చెప్పండి. మీ గొంతు కలవలేదు. దయచేసి మీ పేరు చెప్పండి.”

గొంతు కలవదని తేలాక దాన్ని ఆమెకి కప్పాడు గానీ, పేరు చెప్పడానికే వాడు తువ్వాలు తీశాడు.

*

ఆడమనిషి మూడో రోజున లేచి కూర్చుంది. పోలినాయుడు నెల్లాళ్లకి ఇంటికొచ్చాడు. ఊపిరితిత్తులు నిలబడ్డాయి, గొంతు నిలబడలేదు. నోరు తెరిస్తే గాలి మాత్రం వచ్చేది, గుడ్డ చింపినట్టు.

మొదటి రోజు భోజనం దగ్గర వాడు అలవాటుగా కంచం మీద రెండుసార్లు కొట్టాడు. పైడితల్లి చెంబు అందుకోబోయి అక్కడే కూలబడిపోయింది.

“నాదే పాపిస్టి నోరురా తమ్ముడూ. నోరు పడిపోనాదేటని నానే అన్నాను. రోజూ అన్నాను.”

వాడు తల ఊపి, ఆమె చేతి మీద వేలితో ఒక్కసారి తట్టాడు. బాగున్నాను. ఆమె ఇంకా ఏడుస్తుంటే కూర వైపు చూపించి మూడుసార్లు తట్టాడు. ఏడుస్తూనే నవ్వి, మళ్లీ ఏడ్చింది.

దాలినాయుడు కంచం పక్కకి జరిపాడు. పలుకుతాది, ముద్రేసినారు అని తనే కదా చెప్పింది. పోలినాయుడు ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తడానికి గొంతు లేదని కాదు, రాయడానికి పలకుంది. ఎత్తలేదు, అంతే.

శాఖ నుంచి ఉత్తరమొచ్చింది. “సిబ్బంది మాట క్రమశిక్షణ పాటించలేదు. మీటను నిబంధనలకు విరుద్ధంగా వాడారు. వ్యవస్థ రూపకల్పన ప్రకారమే పనిచేసింది.” కింద ఇంకో పేరా. పదకొండో నంబరు ఇప్పటికీ అపరిచితుల జాబితాలో ఉంది. సదరు ఉద్యోగి స్వయంగా తన గొంతుతో పేరు చెప్పి తాళం విడిపించుకునే వరకు విధుల్లోకి తీసుకోరాదు.

తన గొంతుతో! ఆ గొంతు ఐసు గదిలో కాలిపోయింది, పేరు చెప్పమని అడిగిన యంత్రానికి పేరు చెప్పబోయే కాలిపోయింది. ఇది రాసినవాడికి చెయ్యి వణకలేదా అని దాలినాయుడికి ఆశ్చర్యం. ఎందుకు వణుకుతుంది, రాసినవాడు పోలినాయుణ్ణి చూడలేదు. ఓ నంబరు చూశాడు.

ఓ రోజు స్టేషన్‌కి వెళ్దామని పోలినాయుడు యూనిఫారం వేసుకున్నాడు. గేటు దాటి లోపలికి అడుగు పెట్టి దగ్గాడు. ఆ దగ్గు విని, వరసగా నిలబడ్డ అందరి ఛాతీల మీదా సెట్లు ఎర్రగా వెలిగాయి. “అపరిచిత వ్యక్తి సమీపంలో ఉన్నారు.” ఎర్రినాయుడు సెట్టు పీకి నేలకేసి కొట్టబోతే, పోలినాయుడే వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాడు. మూడు రోజులు ఎవరినీ ఏమీ తట్టలేదు.

నాలుగో రోజు దాలినాయుడు విచారణ కావాలని అర్జీ పెట్టాడు. ఈసారి గడిలో కాదు, నాలుగు కాగితాల మీద రాశాడు.

*

విచారణ కలెక్టరాఫీసు వెనక సమావేశం హాల్లో జరిగింది. విచారణాధికారిణి పెద్దావిడ, కళ్లజోడు ముక్కు చివరికి జారుతుంటుంది. ఒకవైపు శశిభూషణ్, అతని సహాయకురాలు, శాఖ అధికారులు, అందరి ఛాతీల మీదా గళరక్ష. ఇంకోవైపు దాలినాయుడు, పోలినాయుడు, పైడితల్లి. తలుపు దగ్గర ఎర్రినాయుడూ స్టేషన్‌వాళ్లూ నిలబడ్డారు. బల్ల మీద పోలినాయుడి తువ్వాలు, సీలు వేసిన ప్లాస్టిక్ సంచిలో, సాక్ష్యంగా.

దాలినాయుడు తన ఫారం నకలు అందించాడు. విచారణాధికారిణి చివరి గడి చదివి, ప్రయోగశాల పంపిన పరీక్షల నివేదిక తిప్పి చూసింది.

“ఇందులో ‘ఇతర విషయాలు: ఏమీ లేవు’ అని ఉంది.”

శశిభూషణ్ ఫారం నకలు లాక్కున్నంత పని చేశాడు. చదువుతుంటే అతని మొహం మారింది. సహాయకురాలు నెమ్మదిగా చెప్పింది. “స్థానిక భాషలో ఉన్న వ్యాఖ్యలు సారాంశంలో చేర్చలేదు మేడమ్. అది పద్ధతి.”

“స్థానిక బాసేటమ్మా?” దాలినాయుడు లేచాడు. “మీ మిషను మమ్మల్ని తెలుగులో తిడతాది గదా? మీ గొంతు కలవలేదు, దయచేసి పేరు సెప్పండి అని? అది నేర్పడానికి తెలుగొచ్చినోళ్లు దొరికినారు. నాను రాసింది సదవడానికి దొరకలేదేటి?”

శశిభూషణ్ గొంతు సవరించుకున్నాడు. “నాయుడు గారూ, ఈ గడి నేను చూడలేదు. అది తప్పే. కానీ ఆ రోజు మీరు నోటితోనూ చెప్పారు, నేను విన్నాను. విని కూడా మార్చేవాణ్ణి కాదేమో. అబద్ధం చెప్పను. ఒక్క సెకను తువ్వాలు పక్కకి తీసి ఒక్క మాట అనడం సాధ్యమేనని నా నమ్మకం. శిక్షణ ఉంటే…”

“అయితే మీరు సెయ్యండి.”

“ఏమిటి?”

“మీకంటే ఆ మిషను సంగతి తెలిసినోడు ఎవడున్నాడు? ఆ తువ్వాలు తడిపి పళ్ల మధ్య ఎట్టుకోండి. కాపాడమని పిలవండి. తువ్వాలు తీసినారంటే సచ్చిపోనారని లెక్క.”

అధికారులు అభ్యంతరం చెప్పారు. శశిభూషణ్ చెయ్యెత్తి వాళ్లని ఆపాడు. ఆ మనిషిలో ఆ మాత్రం నిజాయితీ ఉంది. సంచి సీలు విప్పి, తువ్వాలు నీళ్లలో ముంచాడు. రెండు నెలలు మూసి ఉన్న అమ్మోనియా వాసన గుప్పున లేచింది. కళ్లు చికిలించుకుని, మొహానికి చుట్టి, కొస కరిచిపట్టాడు.

మీట నొక్కి తన పేరు చెప్పాడు. తువ్వాల్లోంచి “మ్మ్మ్” అని వచ్చింది. పసుపు. ఊపిరి బిగబట్టి ఇంకా గట్టిగా అన్నాడు. నారింజ. వాసన తలకెక్కి కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. మూడోసారి చెప్పడానికి గొంతు లేదు. చెయ్యి కొట్టుకుంది, వేలు దానంతటదే మీట మీద పడింది.

హాలంతా కీచుమంది. శాఖ అధికారుల ఛాతీల మీద, సహాయకురాలి ఛాతీ మీద, బంట్రోతు ఛాతీ మీద ఎర్రదీపాలు. “అపరిచిత వ్యక్తి. ఇతని మాట మోయబడదు.” అతని ఛాతీ మీద సెట్టు మర్యాదగా అడిగింది. “తాళం తీయడానికి దయచేసి మీ పేరు చెప్పండి.”

శశిభూషణ్ తువ్వాలు పీకేసి బల్ల పట్టుకుని దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గు ఆగలేదు. అధికారులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయనకేం కావాలో ఆయన చెప్పలేదు, ఎవరూ లేవలేదు.

పోలినాయుడు కుర్చీలో ముందుకు వంగాడు. వేలి ముడితో బల్ల మీద కొట్టాడు. రెండుసార్లు.

తలుపు దగ్గర నిలబడ్డ ఫైర్‌వాళ్లు నలుగురూ ఒకేసారి కదిలారు. పైడితల్లి వాళ్లకంటే ముందుంది. చెంబు తీసుకెళ్లి శశిభూషణ్ చేతిలో పెట్టింది.

“తాగు బాబూ. బేగి తాగు. మావోడు నీకే అడిగినాడు.”

శశిభూషణ్ నీళ్లు తాగాడు. తాగి, చెంబు రెండు చేతులతో పట్టుకుని, పోలినాయుడి వైపు చూస్తూ అలా నిలబడిపోయాడు. తర్వాత రెండ్రోజులు, గళరక్ష తాళంతోనే నడిచే ప్రయోగశాల గేటు ఆయనకే తెరుచుకోలేదని, కాపలావాళ్లు లోపలికి రానివ్వలేదని దాలినాయుడికి ఆ తర్వాత తెలిసింది. ఆయన గొంతు కుదుటపడింది కాబట్టి మూడో రోజు పేరు చెప్పి లోపలికి వెళ్లాడు.

*

నెల తర్వాత ఉత్తర్వులొచ్చాయి. పోలినాయుడి మీద క్రమశిక్షణ మాట కొట్టేశారు. అపరిచితుల జాబితా నుంచి పేరు తీయడం సాంకేతికంగా వీలుకాదు కనుక మానవతా దృక్పథంతో వైర్‌లెస్ షెడ్డులో సహాయకుడిగా వేశారు. ఇక ముందు మూడు అవకాశాలకి బదులు ఐదు ఇస్తారు. విధి నిర్వహణలో నోట్లో తువ్వాలు పెట్టుకోవడం నిషేధం. మాస్కుల గురించి ఏమీ లేదు, అది వేరే ఫైలు. కింద శశిభూషణ్ అసమ్మతి నోటు ఉందిట. దాన్ని జతపరచలేదు.

దాలినాయుడు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని, షెడ్డు మూలనున్న గోనెసంచులు లాగి విప్పాడు. తుక్కుకి పంపమన్న పాత వాకీటాకీలు. టంకం వేసే కడ్డీ వేడెక్కించాడు.

“ఏటి సూత్తన్నావు? ఆ పక్కన కూకుని ఆటి లోపలి సర్క్యూట్ పలకలు విప్పు,” అన్నాడు పోలినాయుడితో.

పది రోజుల్లో స్టేషన్‌లో ఉన్న ప్రతి గళరక్ష సెట్టుకీ వీపున పాత వాకీటాకీ సర్క్యూట్ పలక ఒకటి అతుక్కుంది. రెండే తీగలు. మీట నుంచి నేరుగా గాలిలోకి. తాళం లేదు, పేరు అడగదు. సీళ్లు ఊడదీసినందుకు సంజాయిషీ ఎవరు రాస్తారని స్టేషన్ ఆఫీసరు అడిగాడు.

“నానే రాత్తాను సార్. తెలుగులో రాత్తాను. ఎలాగూ ఎవుడూ సదవడు.”

ఆఫీసరు తన ఛాతీ మీది సెట్టు విప్పి బల్ల మీద పెట్టాడు. “దీనిక్కూడా వెయ్యి.”

మొదటి పరీక్షకి ఎర్రినాయుడు ఊరవతల ఉప్పుమడుల దగ్గరికి వెళ్లాడు. మధ్యాహ్నం ఎండలో షెడ్డు రేకులు కాలుతున్నాయి. పోలినాయుడు చెవికి పెట్టుకున్న పాత గొట్టంలో చాలాసేపు సముద్రం లాంటి హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత టక్ మంది. ఆగి, టక్. ఆగి, టక్.

మూడు.

అది పరీక్షే అని షెడ్డులో ఇద్దరికీ తెలుసు. అయినా పోలినాయుడు కుర్చీ తన్నేసి లేచాడు, గుమ్మం దాటి ఎండలోకి పరిగెత్తాడు. దాలినాయుడు టంకం కడ్డీ వదిలేసి వాడి వెనకే పరిగెత్తాడు.